వారంటీ తీరిన ఫిల్టరూ, సిస్టర్ గారూ

మొన్న మా మిక్సీ పచ్చడి మధ్యలో ఆగిపోయింది. సగం నలిగిన గోంగూరని మా ఆవిడ పద్మ రోట్లోకి ఒంపుకుంది. నేను మిక్సీని సంచిలో వేసుకుని, కొన్న కొట్టుకే పట్టుకెళ్ళాను. కొట్టతను బిల్లు చూశాడు. మిక్సీని అటూ ఇటూ తిప్పాడు. దగ్గరి బంధువు ఎవరో పోయినట్టు మొహం పెట్టి, "పోయిన నెలతో వారంటీ అయిపోయిందండీ" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. అతను చిన్నబుచ్చుకున్నాడు.

"మిమ్మల్ని చూసి కాదయ్యా. మా పాత ఇంటి ఓనరు గారు గుర్తొచ్చారు" అన్నాను.

అతనికేం అర్థమవుతుంది? ఆ మాట మా సిస్టర్ గారి ముందు అన్నవాడు ఆ పూట ఇక బేరాలు చేసుకున్నట్టే!

సిస్టర్ గారు పోయి ఏడాది దాటింది. గుంటూరులో ఆమె ఇంటి పై పోర్షన్లో మేం చాలాకాలం అద్దెకున్నాం. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని పద్మ ఒకసారి అడిగితే, "డ్యూటీ మారే టైముకి ఎవరూ రాలేదమ్మా" అని ఊరుకుంది. పేరు పెట్టి పిలిచిన వాళ్ళని నేను చూడలేదు. పాలవాడి దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా అందరికీ ఆమె సిస్టర్ గారే.

రిటైరయినా తెల్లచీర వదల్లేదు. చేతి గడియారం డయలు లోపలివైపుకి ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ళ మణికట్టు పట్టుకుని నాడి చూడటం అలవాటు. కూరగాయలమ్మితో వంకాయలు బేరమాడుతూ కూడా ఆమె చెయ్యి పట్టుకునేది. "ఏందమ్మా, నాడి అట్టా పరిగెత్తుద్ది? పుచ్చు వంకాయలేమన్నా అడుగున పెట్టావా?" అనేది. నేను అద్దె ఇవ్వడానికి కిందికి వెళ్తే ఒక చేత్తో డబ్బు తీసుకుని రెండో చేత్తో నా నాడి పట్టుకునేది. "నీకు ఉప్పు ఎక్కువవుతోంది. పద్మతో చెప్తా" అనేది. చెప్పేది కూడా. ఆ వారమంతా మా ఇంట్లో చప్పిడి కూరలే.

మా పోర్షన్లో అటక ఉండేది గాని అది మాది కాదు. ఆమె కొన్న ప్రతి వస్తువుకీ వచ్చిన అట్టపెట్టె దాని మీదుండేది. ఫ్యానుది, ఇస్త్రీపెట్టెది, టీవీది, ఎప్పుడో అమ్మేసిన పాత రేడియోది. మా ట్రంకుపెట్టె పైన పెట్టుకుంటామని పద్మ అడిగితే ఒప్పుకోలేదు.

"రేపు ఆ ఫ్యాను కంపెనీవాడితో గొడవ పడాల్సొస్తే పెట్టె కావాలా వద్దా?"

"కొని పదేళ్ళయినట్టుంది కదండీ, సిస్టర్ గారూ."

"అయితే? తిరగటం మానేసిందా? తిరుగుతున్నంత కాలం వాడి బాధ్యతే."

మా ట్రంకుపెట్టె ఆ ఇంట్లో ఉన్నంతకాలం మంచం కిందే ఉంది.

ఇక చేపలు. కింద హాల్లో, టీవీ ఉండాల్సిన చోట పెద్ద గాజు తొట్టి ఉండేది. రిటైరయిన రోజున తోటి నర్సులంతా కలిసి కొనిచ్చారట. అందులో కొన్ని గోల్డ్ ఫిష్‌లు, వాటికి అడ్డంగా పెట్టిన గాజుపలక అవతల ఒక పెద్ద ఆస్కార్ చేప. నల్లటి ఒంటి మీద నిప్పు రంగు మచ్చలతో, ఏ పనీ చెయ్యకుండా, నోరు తెరుస్తూ మూస్తూ ఒకే చోట నిలబడి ఉండేది. దానికి 'సూపరింటెండెంటు గారు' అని పేరు పెట్టింది. ఎందుకని నేనడిగితే, "ఆ నోరు చూడు. ఏదో ఆర్డరు వేస్తున్నట్టే ఉంటది, ఒక్క ముక్క వినపడదు. నేను ముప్పై ఏళ్ళు ఇట్టాంటాయన కిందే పనిచేశా" అంది.

పొద్దున్నే లేచి కాఫీ తాగకముందే రౌండ్స్. తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఒక్కొక్కదాన్నే పలకరించేది. "ఏమ్మా, నీ తోక అట్టా వాలిపోయిందేం? ఏయ్, నువ్వు రాత్రి దాని మేత కూడా తిన్నావంట?" మేం మెట్లు దిగుతూ ఇదంతా వింటూ ఉండేవాళ్ళం. ఎవరు చెప్పారంట ఆ చేప పక్కదాని మేత తిన్నదని!

ఇందులో తమాషా ఏమిటంటే, ఆమెది చీరాల దగ్గర వాడరేవు. చేపల వేటకెళ్ళే కుటుంబం. ఆదివారం ఆరాధన అయ్యేసరికి ఆమె తమ్ముడో, తమ్ముడి కొడుకో చందువాలో వంజరమో తెచ్చి ఇచ్చిపోయేవాళ్ళు. పులుసు వాసన మా పోర్షన్ దాకా వచ్చేది. ఒకసారి నన్ను భోజనానికి పిలిచింది. నేను కంచం ముందు కూర్చోగానే ఆమె లేచి, తుండుగుడ్డ తెచ్చి తొట్టికి అడ్డంగా వేలాడదీసింది.

"ఎందుకండీ?"

"మనం తింటుంటే చూడటం వాటికేం బాగుంటదయ్యా. తోటి జాతి కదా" అని, నా కంచంలో తలకాయ ముక్క వేసింది.

అసలు గొడవ ఒక మే నెల మధ్యాహ్నం మొదలైంది. నేను ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. గుంటూరు ఎండ సంగతి చెప్పేదేముంది, రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. ఫోన్ మోగింది. సిస్టర్ గారు.

"ఏమయ్యా మిరపకాయల అబ్బాయ్, ఫిల్టరు ఆగిపోయింది. తొట్టిలో నీళ్ళు సలసలా కాగుతున్నాయి. మీ కోల్డ్ స్టోరేజీలో ఒక మూల నా తొట్టి పెట్టుకోనిస్తావా?"

"సిస్టర్ గారూ, లోపలంతా మిరప టిక్కీలండీ, బస్తాల మీద బస్తాలు. ఆ ఘాటుకి మేమే ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం."

అవతల కొంచెంసేపు ఆలోచించింది. "చేపలు తుమ్ముతాయా?" అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

నేను పర్మిషన్ పెట్టి ఇంటికెళ్ళాను. హాలంతా జనం. తొట్టిలో నీళ్ళు శుభ్రం చేసేదీ, గాలి కలిపేదీ ఆ ఫిల్టరొక్కటే. అది ఆగితే ఆ ఎండకి నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. సిస్టర్ గారు వార్డులో అత్యవసరం వచ్చినట్టు అందర్నీ పనుల్లో పెట్టేసింది. పద్మ చెంబుతో తొట్టిలో నీళ్ళు ముంచి ఎత్తునుంచి ధారగా మళ్ళీ తొట్టిలోకే పోస్తోంది. అలా పోస్తే నీళ్ళలో గాలి కలుస్తుందట. పద్మ చెయ్యి నొప్పెడితే ఎదురింటావిడ, ఆవిడ తర్వాత ఇస్త్రీ అతను. నేను చొక్కా విప్పకుండానే చెంబు అందుకున్నాను. కరెంటు బిల్లు తియ్యడానికి వచ్చిన మనిషి, పాపం, మీటరు చూసుకుని పోతుంటే, "ఏం నాయనా, ఖాళీయేనా?" అని ఆమె పిలిచింది. అతను కూడా పోశాడు.

సాయంత్రానికి ఫిల్టరు అమ్మిన ఖాదర్ వచ్చాడు. అక్వేరియం కొట్టతను. నలభై ఏళ్ళవాడు, మెత్తటి మనిషి. చేపల కొట్టు పెట్టినవాళ్ళందరూ మెత్తగానే ఉంటారో, ఇతనొక్కడేనో నాకు తెలియదు. తన కొట్లోంచి ఒక పాత గాలి పంపు తెచ్చి తొట్టిలో వేశాడు. బుడగలు లేచాయి. చేపలు నెమ్మదిగా కిందికి దిగాయి. ఇస్త్రీ అతను చప్పట్లు కొట్టాడు.

ఖాదర్ ఫిల్టరు విప్పి చూశాడు. "మోటారు పోయిందమ్మా. కాయిల్ కాలిపోయింది."

"మార్చి ఇవ్వు."

అతను నేల వైపు చూశాడు. "వారంటీ అయిపోయిందమ్మా. ఏడాదే కదా. పోయిన నెల..."

సిస్టర్ గారు అతని మణికట్టు పట్టుకుంది. గడియారం చూసుకుంటూ నాడి లెక్కపెట్టింది. 

"వారంటీలో ఉన్నప్పుడు నేను దీన్ని నీ కొట్టుకి తెచ్చానా లేదా?"

"తెచ్చారమ్మా."

"గుర్రుగుర్రుమని చప్పుడొస్తోంది, వేడెక్కుతోంది అని చెప్పానా?"

"చెప్పారమ్మా."

"నువ్వేమన్నావు?"

"కొత్తది కదా, అలవాటు పడుద్దిలెమ్మా అన్నాను."

"ఎవరికి అలవాటు కావాలి ఖాదరూ? దానికా, నాకా?"

ఆ రాత్రికి గాలి పంపు వదిలేసి అతను వెళ్ళిపోయాడు. సూపరింటెండెంటు గారు ఆ వేడి నుంచి కోలుకోలేదు. మేత ముట్టుకోలేదు, ఒక పక్కకి ఒరిగి ఈదింది. కొన్నాళ్ళకి ఒక ఉదయం రౌండ్స్‌లో పలకరింపులు వినపడలేదు. మేం కిందికి దిగేసరికి ఆమె పెరట్లో కరివేపాకు చెట్టు కింద గుంట తవ్వుతోంది. నేను గునపం అందుకోబోతే ఇవ్వలేదు. మన్ను పూడ్చి, చేతులు మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంది. ఆ రోజు కాఫీ కూడా తాగలేదు.

అంతకుముందే వాళ్ళ చర్చి మహిళా సమాజంలో ఒక లేడీ లాయరు వినియోగదారుల హక్కుల మీద మాట్లాడిందట. వస్తువులో లోపం మొదటినుంచీ ఉన్నా, వారంటీ నడుస్తుండగానే చెప్పినా, ఆ తర్వాత గడువు తీరిపోయిందని చేతులు దులుపుకోవడం కుదరదని చెప్పిందట. అడగాల్సిన కారణం పుట్టిన రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, లాయరు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు అని కూడా చెప్పిందట. మిగతా ఆడవాళ్ళు టీ, బిస్కెట్ల కోసం చూస్తుంటే ఈమె ముందు వరసలో కూర్చుని మళ్ళీ మళ్ళీ అడిగిందట. పాపం ఆ లాయరమ్మకి టీ చల్లారిపోయి ఉంటుంది.

ఇక మొదలుపెట్టింది. ముందు కంపెనీకి ఫోన్లు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతుతో కూడా ఆమె మర్యాదగానే మాట్లాడేది. "నొక్కుతున్నానమ్మా, తొందరపెట్టకు." చివరికి మనిషి దొరికితే అతనూ అదే మాట, వారంటీ అయిపోయింది. దాంతో ఆమె రోజూ పదింటికి ఖాదర్ కొట్టుకి వెళ్ళి ముందున్న స్టూలు మీద కూర్చోవడం మొదలెట్టింది. అరవదు, తిట్టదు. వచ్చిన ప్రతి మనిషికీ "బిల్లు అడిగి తీసుకో నాయనా. పెట్టె పారెయ్యకు" అని చెప్పేది. ఒకతను గోల్డ్ ఫిష్ కొనడానికి వస్తే నాడి చూసి, "నీకు బీపీ ఉంది. చేపలు మంచివే గాని ముందు డాక్టరు దగ్గరికి పో" అని పంపించేసింది.

ఖాదర్ నన్ను దారిలో ఆపాడు. "సార్, కాస్త మీరన్నా చెప్పండి సార్. నాకు బేరాల్లేవు."

"నా మాట వింటుందా?"

"వినరు. తెలుసు. అయినా చెప్పండి సార్."

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఖాదర్ వాళ్ళమ్మకి షుగరు. కాలికి పుండు పడి మానకుండా ఉంది. సిస్టర్ గారు ఎన్నాళ్ళ నుంచో పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి ఆ పుండు కడిగి కట్టు కట్టి వచ్చేది. ఫిల్టరు గొడవ మొదలయ్యాక ఇక రాదనుకున్నారు వాళ్ళు. మర్నాడు మామూలు వేళకే గుమ్మంలో తెల్లచీర. ఖాదర్ లోపలి గదిలో దాక్కున్నాడట. ఆమె కట్టు కట్టి, వాళ్ళమ్మతో కాసేపు కబుర్లు చెప్పి, వెళ్తూ వెళ్తూ లోపలి గది తలుపు వైపు చూసి, "ఖాదరూ, పదింటికి కొట్టు దగ్గర కలుద్దాం" అందట.

నేను ఉండబట్టలేక అడిగాను. "పొద్దున వాళ్ళమ్మకి కట్టు, పదింటికి కొడుకుతో గొడవ. ఎట్టా సిస్టర్ గారూ?"

"గొడవ కొట్లో. కట్టు ఇంట్లో. రెండూ కలిపితే పుండు మానదు, ఫిల్టరూ రాదు" అంది.

చివరికి కమిషన్‌కి వెళ్ళింది. కంపెనీ మీదా, అమ్మిన కొట్టు మీదా కలిపి. అమ్మినవాడి మీద కూడా పెట్టాల్సిందేనని లాయరమ్మ చెప్పిందట. ఆ కాగితం ఖాదర్‌కి అందే ముందే తనే వెళ్ళి చెప్పింది. "నీ మీద ఒక కాగితం వస్తది. భయపడకు. భయపడాల్సింది నువ్వు కాదు. మీ అమ్మకి చూపించకు, షుగరు పెరుగుద్ది."

కమిషన్ వాళ్ళు ముందు రాజీ మాట్లాడుకోండని మధ్యవర్తి దగ్గరికి పంపారు. ఆమె నన్ను తోడు రమ్మంది. చిన్న గది, పెద్ద బల్ల, పైన కిర్రుకిర్రుమంటూ ఫ్యాను. మధ్యవర్తి నెరిసిన జుట్టున్న పెద్దావిడ. కంపెనీ తరపున టై కట్టుకున్న కుర్రాడు, అతని పక్కన విజయవాడ డిస్ట్రిబ్యూటరు. ఇతనే జిల్లాలో కొట్లన్నింటికీ ఆ కంపెనీ సరుకు ఇచ్చే మనిషి. ఖాదర్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అతను ఎటు మాట్లాడినా చిక్కే. సిస్టర్ గారి వైపు మాట్లాడితే సరుకు ఆగిపోతుంది. అటువైపు మాట్లాడితే రేపు పొద్దున తన గుమ్మంలో తెల్లచీరని ఎలా చూడాలి?

వరండాలో లోపలికి పిలిచే దాకా కూర్చున్నప్పుడు ఆమె ఖాదర్‌తో అన్న మాట నేను విన్నాను. "నాకోసం ఏమీ చెప్పొద్దయ్యా. నీ కొట్టు నీది, నీ పిల్లలు నీ పిల్లలు. నువ్వేం చెప్పినా పొద్దున కట్టు మాత్రం ఆగదు." ఖాదర్ తలెత్తలేదు. ఆ మాట అనకుండా ఉంటే అతనికి తేలికగా ఉండేదేమో.

లోపల కంపెనీ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, వారంటీ ఉన్నంతకాలం మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ. తర్వాత పాడైతే మేమేం చెయ్యగలం?"

సిస్టర్ గారు బల్ల మీదుగా చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. మధ్యవర్తి గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

"పొద్దున ఏం తిన్నావు నాయనా?"

"ఏం... ఏం తినలేదండీ. బస్సు..."

"నీరసంగా ఉంది. ఇది అయ్యాక ఎదురుగా ఇడ్లీ బాగుంటది, తిను." చెయ్యి వదిలేసి, మధ్యవర్తి గారి వైపు తిరిగింది. "నేను రెండుసార్లు తీసుకెళ్ళానమ్మా. చప్పుడు, వేడి అని చెప్పాను. అంతకుమించి నేను చెప్పేదేం లేదు."

మధ్యవర్తి గారు ఖాదర్‌ని అడిగారు. "నిజమేనా?"

 డిస్ట్రిబ్యూటరు ఖాదర్ వైపు చూడకుండా ఫోన్ చూసుకుంటున్నాడు. ఖాదర్ లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పొచ్చని అన్నా కూర్చోలేదు.

"తెచ్చారండి. రెండుసార్లు తెచ్చారు. నేను అప్పుడే వీరికి ఫోన్ చేశానండి" అని డిస్ట్రిబ్యూటరు వైపు చెయ్యి చూపించాడు. "ఏదో ఒకటి చెప్పి పంపించెయ్, ఇంకాస్త ఆగితే వారంటీ అయిపోతుంది అన్నారు. నేను అట్టాగే పంపించానండి." సిస్టర్ గారి వైపు తిరిగి, "అలవాటు పడుద్దని చెప్పింది నేనే" అన్నాడు.

డిస్ట్రిబ్యూటరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కంపెనీ కుర్రాడికి ఈ సంగతి నిజంగానే తెలియదనుకుంటాను, చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి, కాగితాలు తిరగేసి, "అయినా మేడం, ఆ పెద్ద చేప చచ్చిపోయిందని మీరే రాశారు కదండీ. ఇప్పుడు ఈ ఫిల్టరుతో పనేముంది?" అన్నాడు.

ఆమె అతన్ని కోపంగా చూడలేదు. కొత్తగా వార్డులో చేరిన నర్సుకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"మా వార్డులో ఒక రాత్రి ఆక్సిజన్ అందక ఒక పసిపిల్ల పోయింది నాయనా. సిలిండరు మీద మీటరు సరిగ్గా పనిచెయ్యటం లేదని నేను ముందే చెప్పాను. తెల్లారాక స్టోర్సు ఆయన, ఇక తొందరేముంది సిస్టర్, మంచం ఖాళీ అయింది కదా అన్నాడు. సాయంత్రానికి ఆ మంచం మీదకి ఇంకో బిడ్డని తెచ్చారు."

 ఆమె ఇంట్లో అన్నేళ్ళున్నా నాకు ఈ సంగతి తెలియదు.  ఆమె చీర కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు, గొంతు మార్చలేదు. పైకి చూసి, "ఆ ఫ్యానుకి కాస్త నూనె వేయించండమ్మా" అంది మధ్యవర్తి గారితో.

కంపెనీ కొత్త ఫిల్టరు ఇవ్వడానికి ఒప్పుకుంది. దానికి మళ్ళీ మొదటినుంచీ వారంటీ. కుర్రాడు బయటికొచ్చాక నిజంగానే ఎదురు హోటల్లో ఇడ్లీ తింటూ కనిపించాడు. ఆమె లోపలికెళ్ళి ఇంకో ప్లేటు చెప్పి వచ్చింది.

ఆమె గెలిచింది గాని ఖాదర్ ఓడిపోయాడు. డిస్ట్రిబ్యూటరు మర్నాటి నుంచి సరుకు ఆపేశాడు. కొట్లో అరలు ఖాళీ అవుతూ వచ్చాయి. సిస్టర్ గారు మళ్ళీ పదింటికి స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది, ఈసారి గొడవకి కాదు. ఎందుకొచ్చి కూర్చుంటున్నారని అడిగే ధైర్యం అతనికి లేదు. ఒకరోజు తనే లేచి, "రేపు విజయవాడ పోదాం. అక్కడ ఇతనొక్కడేనా సరుకు ఇచ్చేది?" అంది. "మిరపకాయల అబ్బాయ్, నీకు రేపు సెలవు కదా?" అని నన్నూ లాగింది. నాకు సెలవు లేదు. పెట్టాను.

విజయవాడలో ఆమెతో తిరగడం ఒక అనుభవం. ప్రతి హోల్‌సేల్ కొట్లోనూ ధర అడగకముందే, "ఏడాది తిరిగాక మీ వస్తువు పాడైతే ఏం చేస్తారు?" అని అడిగేది. ఒకతను నవ్వేశాడు. ఇంకొకతను మమ్మల్ని ఏదో ప్రభుత్వ శాఖవాళ్ళనుకుని లోపలి నుంచి పెద్దాయన్ని పిలిచాడు. ఇంకో కొట్లో మాట పూర్తికాకముందే భోజనాల వేళయిందని సగం షట్టరు దించారు, అప్పటికి పదకొండన్నా కాలేదు. ఖాదర్ వెనకాల నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు.

"అమ్మా, ముందు ధర అడుగుదామమ్మా. ఆ మాట చివర్లో..."

"చివర్లో అడిగావు కాబట్టే ఇట్టా ఉన్నావు. నడువు."

చివరికి ఒక ఇరుకు సందులో, తొట్టెల మధ్య బనీనుతో కూర్చున్న ముసలాయన ఆమె ప్రశ్న విని చాలాసేపు ఆలోచించాడు.

"పాడైతే తీసుకురండమ్మా. బాగుచెయ్యగలిగితే చేస్తాను. చెయ్యలేకపోతే తిట్టించుకుంటాను. అంతకంటే ఇప్పుడేం చెప్పను?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "ఖాదరూ, ఇక ధర అడుగు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. ఫిల్టర్లు, పంపులు ఉన్న పెట్టె పైన పెట్టాం. చేపల్ని మాత్రం ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. నీళ్ళు, గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచులు. ఆమె కిటికీ పక్కన, ఖాదర్ ఆమె పక్కన, వాళ్ళ వెనక సీట్లో నేను. ఆమె ఒళ్ళో సంచిలో ఒక బుల్లి ఆస్కార్ ఉంది, వేలంత. ఏం పేరు పెడుతున్నారని అడిగితే, "ఇప్పుడే పేరేంటయ్యా. ముందు ట్రైనింగు కానియ్" అంది. కండక్టరు వచ్చి సంచుల వైపు అనుమానంగా చూశాడు. ఆమె చెయ్యి అతని వైపు కదలడం చూసి, వెంటనే టికెట్లు కొట్టి ముందుకెళ్ళిపోయాడు.

మంగళగిరి దగ్గర ఆమె ఖాదర్‌కి కొట్లో అరలు ఎలా సర్దాలో చెప్పడం మొదలుపెట్టింది. బల్బులు పైన, మేత కింద, బిల్లు పుస్తకం అందరికీ కనపడేలా. కాజ టోల్‌గేటు వచ్చేసరికి మాటలు ఆగాయి. చూస్తే నిద్రపోతోంది. రోజంతా ఎండలో తిరిగిన మనిషి. తల నెమ్మదిగా వాలి ఖాదర్ భుజం మీద ఆగింది. ఖాదర్ బిగుసుకుపోయాడు. ఆమె ఒళ్ళోంచి జారబోతున్న సంచిని ఒక చేత్తో ఆపాడు, తన సంచి రెండో చేతిలో ఉంది.

నేను ముందుకి వంగి, "ఆ సంచి ఇటివ్వండి, నేను పట్టుకుంటా" అన్నాను గుసగుసగా.

"వద్దు సార్. కదిలితే లేస్తారు. లేస్తే మళ్ళీ నా కొట్టు సర్దుతారు" అన్నాడు, పెదవులు కదపకుండా.

బస్సు గుంటూరులోకి వచ్చింది. పొద్దు వాలుతోంది. ఖాదర్ ఇల్లూ, కొట్టూ బస్టాండుకి ముందే. అక్కడ బస్సు ఆగింది. వెనకవాళ్ళు దిగుతున్నారు. నేను అతని భుజం తట్టి, మీ స్టాపు వచ్చిందని సైగ చేశాను. ఖాదర్ కిటికీలోంచి తన వీధి వైపు ఒకసారి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. నీళ్ళు తొణక్కుండా రెండు సంచుల్నీ ఇంకాస్త దగ్గరికి తీసుకుని, కండక్టరుతో మెల్లగా, "పోనివ్వండి" అన్నాడు.